అడవికి టామీ ఎందుకు?

సెలవులొస్తే చాలు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఇళ్లలో ఒకటే చర్చ. తలకోన పోదామా, హార్స్‌లీ హిల్స్ పోదామా అని. ఈమధ్య దానికి మరో ప్రశ్న తోడైంది. మరి టామీ సంగతో? దాన్ని ఒంటరిగా ఇంట్లో వదల్లేరు, పిల్లలు ఏడుస్తారు. "మీరు వెళ్లి రండి, నేనుంటాలే" అని ఇల్లాలే అనాలి. ఆ మాట కోసం అందరూ ఎదురుచూస్తుంటారు కూడా! అందుకే కాబోలు, కొందరు కుక్కనూ కారెక్కించేస్తున్నారు.

ఆ ఉబలాటం అర్థమవుతుంది. కానీ తలకోన ఉన్నది 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో. ఉద్యానవనం అనగానే పూలమొక్కలు, ఊయలలు అనుకుంటాం గానీ, అది అచ్చమైన అడవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనంలో పశువుల్ని మేపకూడదు, లోపలికి తోలకూడదు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి చేతి మేత తిని దేశమంతా పేరు తెచ్చుకుంది కదా మన పుంగనూరు ఆవు, ఆ పొట్టి ఆవుకూ అక్కడ ప్రవేశం లేదు. అడవి అంచున మేకల మీద బతికే ఆడమనిషి తన మందను ఇవతలే ఆపుకోవాలి, కారులో వచ్చిన కుక్క మాత్రం దర్జాగా జలపాతం దాకా పోవాలా? ఇదేం న్యాయం?

జబ్బుల సంగతి అంతకన్నా పెద్దది. కుక్కలకు సోకే కెనైన్ డిస్టెంపర్ అనే వైరస్ 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీలో సుమారు వెయ్యి సింహాలను పొట్టనబెట్టుకుంది. 2018లో మన గుజరాత్‌లోని గిర్ అడవిలోనూ సింహాల ప్రాణాలు తీసింది. శేషాచలం అడవుల్లో రేచుకుక్కలున్నాయి, చిరుతలున్నాయి. మా కుక్కకు టీకాలు వేయించాం అంటారు. సంతోషం. వేళ తప్పకుండా మళ్లీ మళ్లీ వేయించేవాళ్లు ఎందరు? పైగా చిరుతకు కుక్క అంటే మహా ఇష్టమైన ఆహారం.

కుప్పం, పలమనేరు వైపు ఏనుగులు. 1980లలో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి వచ్చి స్థిరపడ్డాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఏనుగును చూస్తే కుక్క ఊరుకోదు, మొరుగుతూ మీదికి పోతుంది. అది తిరగబడితే తోక ముడిచి నేరుగా యజమాని కాళ్ల దగ్గరికే పరుగు. దాని వెనకే ఏనుగు! మనం ఎలాగో తప్పించుకుని కారెక్కేస్తాం. బెదిరిన ఏనుగుల మధ్య మిగిలేది రాత్రంతా పొలంలో కాపలా కాసే రైతు కుటుంబాలు.

గేటు దగ్గర కారులో అద్దాలెత్తి వదలడం మరీ ఘోరం. మన ఎండలకు కారు కాసేపట్లోనే కొలిమి అవుతుంది. ఒక్క పూటకైతే పక్కింటి పిన్నిగారు రెండు ముద్దలు పెట్టకపోదు. రెండు రోజులైతే దానికి అలవాటైన బంధువులింట్లో దింపొచ్చు. అదీ కుదరకపోతే ఈ విడత ఆయన్నే ఉండమనండి. వేళకు గిన్నెలో నీళ్లు పోయడం, సాయంత్రం వీధి చివరిదాకా తిప్పుకు రావడం మగవాళ్లకు రాని విద్యేం కాదు.