తీసెయ్యమన్న ఫొటో

పాపికొండలు చూడ్డానికి పోచవరంలో లాంచీ ఎక్కాం. పేరంటపల్లి రేవులో దిగగానే మా మేనల్లుడు కెమెరా అడిగాడు. వెదురు పూలు అమ్ముతున్న చోట మెనూలో ఏదో వెతుకుతూ ఫార్మాట్ నొక్కేశాడు. మూడు రోజుల ఫొటోలు, ఒక్క క్షణం. వాడి ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. రాత్రి బసలో కాపీ చేసుకోకుండా బద్ధకించింది నేనేగా!

భద్రాచలం తిరిగొచ్చాక ఓ ఫొటో స్టూడియోకి వెళ్లాం. స్టూడియో ఆయన కార్డు చేతిలోకి తీసుకుని, "దీని తర్వాత ఏమన్నా తీశారా సార్?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే ఇంకా పోలేదు" అన్నాడు.

ఫార్మాట్ కొడితే చాలాసార్లు చెరిగిపోయేది ఫొటో కాదట, దాని చిరునామా. పుస్తకంలో విషయసూచిక చించేసినట్టు. పేజీలు ఎక్కడివక్కడే ఉంటాయి. కొత్త ఫొటో వచ్చి ఆ చోట కూర్చుంటేనే పాతది నిజంగా పోతుంది. అందుకే పొరపాటు జరిగిందని తెలిసిన వెంటనే కెమెరా కట్టేసి కార్డు తీసి పక్కన పెట్టాలట. ఖాళీగా కనిపిస్తోంది కదా అని మళ్లీ క్లిక్‌మనిపిస్తేనే కొంప మునిగేది.

కంప్యూటర్ తెర మీద పచ్చగీత నత్తనడక నడుస్తోంది. ఆయన తన కష్టసుఖాలు చెప్పుకుంటూ కూర్చున్నాడు. ఎర్రలైటు మిణుకుమంటుండగా కార్డు లాగేవాళ్లు, చివరి చుక్క బ్యాటరీతో తీసేవాళ్లు, కార్డును చొక్కా జేబులో చెమటకు వదిలేసేవాళ్లు. పెళ్లిళ్లకు ఆయన రెండు కార్డులు పట్టే కెమెరానే వాడతాడు. ప్రతి ఫొటో రెండింట్లోనూ పడుతుంది. "జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం కదండీ!" ఏళ్ల తరబడి డ్రాయరులో పడేసినా కార్డు మెల్లగా మరిచిపోతుందట. "ఇది సంచీ సార్, పెట్టె కాదు. ఇంటికెళ్లగానే దులిపేసుకోవాలి."

పెట్టె అనగానే మా అమ్మ ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. 1986 ఆగస్టు వరదలో ఇక్కడ గోదావరి 75.6 అడుగులకు చేరింది. మా ఇంట్లో అటక మీది బియ్యం దక్కాయి గానీ, మంచం కింది పెట్టె మునిగింది. ఫొటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుని అట్టలా తయారయ్యాయి. అమ్మ వాటిని లాగలేదు. బేసిన్‌లో మంచినీళ్లు పోసి నానేసింది. తడిసినవాటిని మళ్లీ తడుపుతుందేమిటని నవ్వుకున్నాం. ఒక్కొక్కటే నెమ్మదిగా విడదీసి, బొమ్మ పైకి వచ్చేలా చాప మీద ఆరేసింది. ఒక దాంట్లో నాన్న చెవీ, భుజమూ మిగిలాయి. దాన్నీ పారేయనివ్వలేదు.

2022 జులైలో నీరు 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఆ ఆల్బమే మా ఇంట్లో అందరికంటే ముందు డాబా ఎక్కింది.

అలా పదిలంగా దాచిన ఫొటోలే ఇంకొన్ని గుర్తొచ్చాయి. లాంచీ మీద నుంచి చూసిన ఆ కొండల్లోకే 1941లో ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వచ్చాడు. కొండరెడ్ల మధ్య ఉండి, వాళ్ల బతుకు రాసుకుని, ఫొటోలు తీసుకున్నాడు. 1945లో పుస్తకం వచ్చింది. ఆయన ఫొటోల భాండాగారం లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఈనాటికీ పదిలంగా ఉంది. ఎనభై ఏళ్ల కిందట ఈ అడవిలో ఫిల్మ్ మీద పడిన వెలుతురు అక్కడ క్షేమం. మొన్న నేను తీసిందేమో రేవు దాటకముందే మాయం. కాస్త సిగ్గేసింది.

స్టూడియోలో గంటన్నరకి ఫొటోలు రావడం మొదలైంది. పేర్లు లేవు, వరస లేదు. లాంచీ తర్వాత గుడి, గుడి తర్వాత ఎవరిదో చెప్పు. నేను చేతులారా తీసేసినవీ కొన్ని వాటితోపాటే లేచొచ్చాయి. అందులో పర్ణశాల మెట్ల మీద అమ్మ ఉంది. కొంగు సర్దుకుంటూ, ఓ చెయ్యి కెమెరాకి అడ్డం పెట్టి, ఏదో అంటోంది. నోరు సగం తెరిచి ఉంది. ముక్కుపుడక ఒక్కటే స్పష్టంగా పడింది, మిగతాదంతా అలుక్కుపోయింది. బాగా రాలేదు, తీసెయ్యమంటే అక్కడికక్కడే తీసేశాను.

ఇంటికెళ్లి ఫోన్‌లో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది తీసెయ్యమన్నానుగా!" అంది. ఫోన్ మాత్రం తిరిగివ్వలేదు.