మా పెరటిలోని పాత బుల్డోజరు



గడచిన మాసమున మాకొక సోదరి జాబు వ్రాసినది. ఆమె కాలిఫోర్నియా రాష్ట్రమున కాపురముండు తెలుగు గృహిణి. "మా వారు పాత బుల్డోజరు నొకదానిని కొని, బాగుచేసి నడపవలెనని పట్టుబట్టియున్నారు. ఇంటివెనుక రెండెకరముల బీడు తప్ప మాకు సేద్యము లేదు. ఆ యినుపముద్దతో మాకేమి పని? కాదన్నచో అలుగుదురు; ఔనన్నచో ఇల్లు గుల్లయగును. ఏమి చేయుదును?" అని ఆమె ప్రశ్న.

ఈ జాబు చదివి మేము మొదట నవ్వితిమి. పిదప కొంచెము సిగ్గుపడితిమి. ఏలయనగా అట్టి యినుపముద్ద యొకటి మా పెరటిలోనే యున్నది. దానివలన మా యింట కలిగిన కలతయు, పిమ్మట కలిగిన మేలును దాచక చెప్పుటయే ఆ సోదరికి తగిన ప్రత్యుత్తరమని తోచినది.

మేము స్టాక్టను పట్టణమునకు సమీపమున నివసింతుము. మూడేండ్ల క్రిందట ఒకనాటి సాయంకాలము మా వాకిట పెద్ద లారీ యొకటి వచ్చి నిలిచెను. దానిమీద త్రుప్పుపట్టిన పసుపుపచ్చని యంత్రము. మా వారు లారీనుండి దిగి, "చూశావా?" అనిరి. చూచితిమి. వెల 2,800 డాలర్లు. తెచ్చిన కూలి 450 డాలర్లు. ఆ సొమ్మెక్కడిదని యడిగితిమి. పలనాటిలోనున్న మా తల్లిగారిని చూచివచ్చుటకై రెండేండ్లుగా వేరుగా దాచిన సొమ్ములోనిది! మా తల్లిగారికి ఎనుబదియేండ్లు సమీపించినవి. ఆ వారమంతయు మా యింట అన్నము, ఉప్పు అనుమాటలే గాని వేరుమాట లేకపోయెను. మా కోపము యంత్రమును కొన్నందుకు గాదు, చెప్పక కొన్నందుకు.

ఎనిమిదవనాడు మా వారే కాగితము, కలము తెచ్చి మా యెదుట కూర్చుండిరి. "తప్పు నాది. ఏమి చేయమందువు?" అని యడిగిరి. మేము రెండే నియమములు పెట్టితిమి. మా తల్లిగారి సొమ్ము మరల నిండువరకు యంత్రముమీద ఒక్క డాలరైనను వ్యయము చేయరాదు. ఆ పిమ్మట ప్రతి ఖర్చును లెక్కపుస్తకమున వ్రాయవలెను. ఆ పుస్తకము మా చేతిలో నుండవలెను. వారు రెంటికి నొప్పుకొనిరి.

ఇట్లు పుస్తకము చేతికి వచ్చినపిదప, దేనికి లెక్క వ్రాయుచున్నామో తెలిసికొనవలెను గదా యని యంత్రమునుగూర్చి చదువ మొదలిడితిమి. దాని పుట్టుక మా యూరిచెంతనే జరిగినదని అప్పుడు తెలిసినది. స్టాక్టనుకు చేరువనున్న నదీముఖప్రదేశమున నేల మిక్కిలి మెత్తన. అందు బరువైన ఆవిరియంత్రముల చక్రములు దిగబడిపోవుచుండెడివి. బెంజమిన్ హోల్టు అను నతడు వెనుకచక్రములను తీసివేసి, వానికి బదులు గొలుసుపట్టాలనమర్చి, 1904 నవంబరు 24 వ తేదీన రాబర్ట్సు ద్వీపమున నడిపి చూచెను. బరువు పట్టాలమీద పరచుకొనుటచే యంత్రము నేలలో దిగబడలేదు. అది గొంగళిపురుగువలె ప్రాకుచున్నదని ఛాయాచిత్రకారుడొకడు అన్న మాటయే 'క్యాటర్‌పిల్లరు' అను పేరైనది. 1925 లో హోల్టువారి సంస్థయు, బెస్టువారి సంస్థయు కలిసి క్యాటర్‌పిల్లరు కంపెనీ యయ్యెను. మట్టిని త్రోయు పలకను ట్రాక్టరుముందు కట్టు ఉపాయమును మాత్రము 1923 లో కాన్సస్ రాష్ట్రములోని మారోవిల్ గ్రామమున జేమ్సు కమ్మింగ్సు, ఎర్ల్ మెక్‌లియాడ్ అను నిరువురు కనిపెట్టిరి. మా పెరటికి వచ్చినది డీ2 రకము. ఈ రకము 1938 నుండి 1957 వరకు తయారైనది. మాది 5యు వరుసలోనిది, అనగా 1947 తరువాత పుట్టినది.

దీనిని అమ్మిన యామె ఒక వృద్ధ వితంతువు. అక్రోటు తోటలు గల రైతు భార్య. సామ్యము చిక్కిన తోడనే ఆమెను చూడబోతిమి. ఆమె మాకు నూనెమరకల పాత పుస్తకమొకటి తెచ్చి యిచ్చినది. అది యంత్రమును నడపు విధానము తెలుపు పుస్తకము. దాని అంచులలో పెన్సిలుతో తేదీలు: నూనె మార్చిన దినము, వడపోత మార్చిన దినము, పట్టాలు బిగించిన దినము. "మీ భర్తగారు మిక్కిలి శ్రద్ధగలవారు" అంటిమి. ఆమె నవ్వి, "ఆ వ్రాత నాది. ఆయన నడుపువాడు, నేను వ్రాయుదానను" అన్నది. సెలవు తీసికొనునప్పుడు, "అది పలికిననాడు నాకు కబురు చేయుడు" అని కోరినది. ఆ పెన్సిలు గీతలు చూచిన తరువాత మాకు యంత్రముమీద కోపము నిలువలేదు.

మా సొమ్ము నిండుటకు అయిదు నెలలు పట్టినది. ఆ కాలము వ్యర్థము కాలేదు. పాతయంత్రమునకు మొదట కావలసినవి ధనముకన్న సబ్బునీరు, గోకుడుచిప్ప, ఓర్పు. పట్టాలనడుమ రాయివలె గట్టిపడిన మట్టిని మా చిన్నవాడును, వాని తండ్రియు గోకివేసిరి. ఇంజను బిగుసుకొనిపోయి కదలకున్నందున నాలుగు సిలిండర్లలోను పలుచని నూనె పోసి, వారమునకొకమారు మరల పోయుచు, చేతితో మెల్లగా కదపిచూచుచుండిరి. ఇట్టిచోట బలవంతము చేసినవారు పిస్టనులను విరుగగొట్టుకొందురు. తొమ్మిదవ వారమున ఇంజను వ్రేలెడు కదలినది. ఆనాడు మా వారి ముఖము చూడవలసినది!

ఇక మాకు జాబు వ్రాసిన సోదరికి పనికివచ్చు విషయములు. కొనకమునుపు మీవారితో మీరును పోయి చూడుడు. మొదట వరుస అంకె చూచినచో యంత్రము వయస్సు తెలియును. నూనె కొలుచు పుల్లను పైకి తీసి చూడుడు. నూనె పాలవలె తెల్లబడియున్నచో లోపల నీరు చేరినదని అర్థము. ఇంజను త్రిప్పినచో తిరుగునో లేదో కనుగొనుడు. చలికి నీరు గడ్డకట్టి ఇంజను ఇనుము పగిలినదేమో వెదకుడు. అన్నిటికన్న ముఖ్యముగ పట్టాలను, వానిని త్రిప్పు పళ్ళచక్రములను చూడుడు. ఆ పండ్లు సూదులవలె మొనదేలియున్నచో అరిగిపోయినవన్నమాట; పట్టాలపని ధనమును ఇసుకవలె త్రాగివేయును. ఈ యంత్రమునకు త్రిప్పుచక్రము లేదు. కుడి యెడమలకు రెండు క్లచ్చీలుండును; ఒకదానిని విడిచినచో యంత్రము ఆ ప్రక్కకు తిరుగును. చిరకాలము వానలో నిలిచినచో ఆ క్లచ్చీల రేకులు త్రుప్పుతో ఒకదానికొకటి అంటుకొనిపోవును. మా యంత్రమునకు అట్లే జరిగినది.

ఇంటి ఇల్లాలు ఎరిగియుండవలసిన ప్రమాదములు కొన్ని కలవు. పాత క్లచ్చీలలోను బ్రేకులలోను ఆస్‌బెస్టాసు అను రాతినార యుండును; ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. దానిని గాలిగొట్టముతో ఊదరాదు, పొడిగా చీపురుతో ఊడ్వరాదు. పాతరంగులలో సీసముండును, పొడిగా గీకినచో ఆ పొడి బట్టలవెంట ఇంటిలోనికి వచ్చును. కావున పనిబట్టలను వాకిటనే విడిపించి వేరుగా ఉతకవలెను. పసిబిడ్డలను పనిచోటికి రానీయరాదు. మట్టిపలకను ఎత్తియుంచి దానిక్రింద ఎవరును దూరరాదు. నేలకు దింపియుంచవలెను, లేదా దిట్టమైన దుంగలమీద నిలుపవలెను. పట్టాల బిగువునకై లోపలనుండు పెద్ద స్ప్రింగు మహాబలముతో అణగియుండును. దానిని తగిన పరికరములు లేక విప్పబోయినచో ప్రాణహాని. ఈ పని తెలిసినవారికి విడిచిపెట్టవలెనని మీవారిచేత మాట తీసికొనుడు.

సొమ్ము నిండినపిదప మేము పలనాడు పోయి మా తల్లిగారి చెంత ఒక మాసముంటిమి. ఆమె తన పదునేడవయేట నాగార్జునసాగరము కుడికాలువపనిలో మన్ను మోసినది. ఆ ఆనకట్టకు 1955 డిసెంబరులో పునాదిరాయి వేసిరి. 1967 ఆగష్టులో కాలువలకు నీరు విడిచిరి. రాతితో కట్టిన ఆ మహానిర్మాణమున వేలకొలది స్త్రీపురుషుల చేతులు, తలలు పనిచేసినవి. మేము మా బుల్డోజరు సంగతి చెప్పగా ఆమె ఆశ్చర్యపడలేదు, కోపపడలేదు. "అది గంటకెన్ని తట్టల మన్ను తోత్తదే అమ్మాయీ?" అని మాత్రము అడిగినది. మాకు జవాబు తెలియదు. "లెక్క రాసేదానివి, ఆ లెక్క తెలవకపోతే ఎట్టా?" అన్నది.

తిరిగివచ్చినపిమ్మట పని చురుకుగా సాగెను. ఇంజనుకు గాస్కెట్లు మార్చుటకు, డీసెలు పంపు శుభ్రము చేయించుటకు 1,650 డాలర్లు; పట్టాలకు 1,900; క్లచ్చీలకు 600; రంగునకు, పనిముట్లకు 700. వెలయు, తెచ్చిన కూలియు కలిపి మొత్తము 8,100 డాలర్లు. అమ్మినచో అంత రాదు. ఇది లాభమునకై చేయు పని గాదని ముందే తెలిసికొని, ఇంత మించదని హద్దు పెట్టుకొననివారు ఈ జోలికి పోరాదు. రంగు విషయమున మాత్రము మా మాట చెల్లినది. ఆ కంపెనీవారు 1931 చివర బూడిదరంగును మాని ఒక పసుపును చేపట్టిరి. 1979 లో దానిని మార్చి వేరొక పసుపును తెచ్చిరి. మా వారు క్రొత్త పసుపు డబ్బా తేబోగా, యంత్రము పాతదైనప్పుడు పాత పసుపే న్యాయమని మేము వాదించి గెలిచితిమి.

యంత్రము పలుకవలసిన దినము వచ్చినది. ఆ వృద్ధురాలికి కబురంపితిమి. ఆమె వచ్చి కుర్చీ వేసికొని కూర్చున్నది. ఈ పెద్ద డీసెలు ఇంజనును చేతితో త్రిప్పి నడిపించుట మానవసాధ్యము గాదు. అందుచేత దాని ప్రక్కనే రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజనుండును. ముందు దానిని నడిపింతురు. దాని వేడినీరు పెద్దదానిలో తిరుగును. దాని పొగవేడిమి పెద్దది పీల్చు గాలిని కాచును. పెద్దది కొంత వెచ్చబడినపిదప చిన్నది దానిని త్రిప్పి మేల్కొలుపును. పసిదానిచేత పెద్దవానిని లేపించినట్లుండును.

మా చిన్న ఇంజను పలికినది గాని, ఒకమారు హెచ్చి ఒకమారు తగ్గుచు పలికినది. మా వారు పెట్రోలు గొట్టములు వెదకుచుండిరి. ఆమె కుర్చీలోనుండియే, "గొట్టము గాదు, గవర్నరు కడ్డీ పట్టుకొనుచున్నది. ప్రతి చలికాలము దానికిదే జబ్బు" అన్నది. చూడగా అదియే నిజము. చుక్క నూనె వేయగానే కుదుటబడెను. మరి కొన్ని నిమిషములకు పెద్ద ఇంజను నల్లని పొగ విడిచి, తరువాత నిలుకడగా కొట్టుకొన మొదలిడెను. ఆమె చాలసేపు కనులు మూసికొని వినుచుండెను. పోవునప్పుడు, "ఈ దినము తేదీ వ్రాసికొంటివా?" అని మమ్ముల నడిగినది. ఆ పుస్తకమునందే, ఆమె వ్రాత క్రింద, వ్రాసితిమి.

మరునాడు బీడుభూమిలో వాననీరు నిలుచుటకు గట్టు వేయించితిమి. మా తల్లిగారి ప్రశ్న మనసున నుండుటచే ఒక్క త్రోపునకు కదలిన మట్టిని తట్టతో ఎత్తి లెక్కపెట్టితిమి. నలువది తట్టలైనవి. టెలిఫోనులో ఆమెకు చెప్పితిమి. "ఒక్క తోపుకు నలభై తట్టలా!" అని కొంతసేపు ఊరకుండి, "ఆ రోజుల్లో కాలవమీద అదుంటే నా మెడనొప్పి ఉండేది కాదు. అయితే నాకు కూలెవడిచ్చేవోడే?" అన్నది. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. నేటికిని తోచలేదు.

జాబు వ్రాసిన సోదరీ! వద్దనుమని గాని, ఔననుమని గాని మేము చెప్పజాలము. మీ బిడ్డల చదువుసొమ్ము, మీ పెద్దల ప్రయాణపుసొమ్ము ముందు వేరుగా నుంచుడు. మిగిలినదానిలో ఇంత యని హద్దు వేయుడు. ఆ హద్దునకు మీవారు సమ్మతించినచో మీరును వెంట పోయి యంత్రమును చూచి రండు. వారు పనిముట్లు పట్టుదురు గాక. పుస్తకము మీరు పట్టుడు. అది ఎట్లు పలికినప్పుడు ఆరోగ్యముగా నున్నదో మీ చెవికి తెలియవలెను. ఆమెకు తెలిసినట్లు మాకింకను తెలియదు, నేర్చుకొనుచున్నాము.