పామరుడు తీర్పరి కాగూడదా?

"జూరీ పోయినది, పీడ విరుగడయైనది" అని మన న్యాయవాదులలో పలువురు సంతోషముతో చెప్పుకొనుచుందురు. నాగలి పట్టు రైతును, తక్కెడ పట్టు వర్తకుని, కోర్టు గది చూచినంతనే బెదరు గృహస్థుని పీఠముపై కూర్చుండబెట్టి యొకని ప్రాణమును వారి చేతిలో పెట్టుట వెఱ్ఱితనము గాక మఱేమని వారి ప్రశ్న. మాటకారియైన వకీలు పామరులను కన్నీట ముంచి తనకు కావలసిన తీర్పును రాబట్టుకొనునని వారి వాదము. ఈ మాట పైకి లోకానుభవమువలెనే తోచును. కాని యిందు ప్రజలపై వేసిన యొక అపవాదును, వకీళ్ల సోమరితనమును కప్పిపుచ్చు నొక సాకును కలిసియున్నవని మా అభిప్రాయము. ఈ రెంటిని విడదీసి చూపుటయే మా యుద్దేశము.

ఈ చర్చ గోనెగండ్ల, ఆదోని సీమలవారికి క్రొత్తది గాదు. 1800 లో నిజాము ఇంగ్లీషు కంపెనీవారి కిచ్చివేసిన దత్తమండలములలో ఆదోని ప్రాంతము చేరియుండెను. ఆ మండలములకు 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండిన తామస్ మన్రో ఊరూర దిరిగి రైతులతో మాటలాడినవాడు. అతడు గవర్నరుగా నున్న 1827 లోనే చెన్నపురి రాజధానిలో క్రిమినలు విచారణలకు జూరీని ప్రవేశపెట్టుటకై పదియవ రెగ్యులేషను వెలువడెను. ఆ యేడే జూలై 6 వ తేదీన మన్రో విషూచి సోకి, మన పొరుగున నున్న పత్తికొండలో కన్నుమూసెను. కంపెనీ ప్రభుత్వము మన స్వాతంత్ర్యమును మ్రింగినదే, దానిని పొగడుట మా పని గాదు. ఐనను ఒక పరదేశీయాధికారి మన రైతు తీర్పు చెప్పగలడని నమ్మి చట్టము వ్రాయింపగా, నూఱేండ్లకుపైగా గడచిన తరువాత గూడ మన చదువరులే ఆ రైతును నమ్మకుండుట మనకు సిగ్గుచేటు గాదా?

జూరీ పోయిన కథను ముందు తిన్నగా తెలిసికొనవలయును. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు ప్రకారము ఏ జిల్లాలో ఏ నేరములకు జూరీ యుండవలెనో రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయించెడిది. తక్కినచోట్ల అసెసరులు కూర్చుండెడివారు. అసెసరుల అభిప్రాయము జడ్జి వినవచ్చును, వినకపోవచ్చును. అనగా పామరుని సభకు పిలిచి, వాని మాటకు విలువ లేదని ముందే చెప్పుట. ఈ అసెసరుల పద్ధతి 1955 సవరణతో పోయినది. 1958 లో లా కమిషను తన పదునాలుగవ నివేదికలో జూరీని గూడ తీసివేయుమని సలహా యిచ్చినది. 1974 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త కోడులో జూరీ ప్రసక్తియే లేదు. 2024 జూలై 1 నుండి నడచుచున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోను లేదు. నేడు మన దేశమున ఆ పద్ధతి ఛాయ మిగిలియున్నది పార్సీల వివాహ న్యాయస్థానములలో మాత్రమే.

జూరీని దూషించువా రెల్లరు మొట్టమొదట నానావతి కేసును ఎత్తుదురు. 1959 లో నౌకాదళాధికారి నానావతి తన భార్యకు ప్రియుడైన ప్రేమ్ ఆహూజాను కాల్చి చంపెను. బొంబాయి జూరీలోని తొమ్మండుగురిలో ఎనమండుగురు నానావతి నిర్దోషి యనిరి. జడ్జి ఆ తీర్పుతో ఏకీభవింపక కేసును హైకోర్టునకు పంపెను. హైకోర్టు నానావతికి యావజ్జీవశిక్ష విధించెను. 1961 నవంబరులో సుప్రీంకోర్టు దానిని స్థిరపఱచెను. ఇంతవఱకు అందఱును చెప్పుదురు. చెప్పనిది మఱియొకటి కలదు. హైకోర్టు తప్పుపట్టినది జూరీ తెలివిని మాత్రమే కాదు. జడ్జి జూరీకి చేసిన బోధలోనే దోషములున్నవని, ఋజువుభారము ఎప్పుడు ఎవరిపై పడునో వారికి సరిగా విప్పి చెప్పలేదని హైకోర్టు తేల్చెను. సుప్రీంకోర్టును ఆ మాటనే ఒప్పుకొనెను. దారి చూపవలసినవాడు దారి తప్పించినపుడు, నడచినవానిని గ్రుడ్డివాడనుట ఎక్కడి న్యాయము? పైగా లా కమిషను సలహా ఈ హత్యకు ఏడాది ముందటిది. కావున జూరీ చావునకు నానావతి కారణమనుట చరిత్ర గాదు, కట్టుకథ.

పామరులు కీర్తికి, అందమునకు లొంగుదురను మాటకు మన చెన్నపట్టణమే ఎదురు సాక్ష్యము చెప్పుచున్నది. 1944 లో జరిగిన లక్ష్మీకాంతన్ హత్య కేసులో ముద్దాయిలుగా నిలిచిన త్యాగరాజ భాగవతార్, ఎన్. ఎస్. కృష్ణన్ అను నటులకు దక్షిణదేశమంతట ఎంతటి ప్రజాదరణ యుండెనో పెద్దవా రెఱుగుదురు. అయినను జూరీలో అధికసంఖ్యాకులు వారిని దోషులనిరి. పిమ్మట ప్రివీ కౌన్సిలు జోక్యమున కేసు మరల విచారింపబడి 1947 లో వారు విడుదలైరి. ఆ జూరీ తప్పు చేసియుండవచ్చును. కాని కీర్తికి దాసోహమని మాత్రము చేయలేదు. ఒకచోట మెత్తనివారని, ఒకచోట కఠినులని, మనకు నచ్చని తీర్పు వచ్చినపుడెల్ల జూరీని నిందించుట తర్కమనిపించుకొనదు.

జూరీ నిజముగా చెడిపోవునది ఎచ్చట? భాష తెలియనిచోట. 1908 జూలైలో బొంబాయిలో తిలక్ మహాశయునిపై రాజద్రోహ విచారణ జరిగినది. నేరముగా చూపబడినవి కేసరి పత్రికలోని మరాఠీ వ్యాసములు. జూరీలో ఏడుగురు ఐరోపావారు, ఇద్దఱు పార్సీలు. మూలభాష నెఱుగని ఐరోపావారు భాషాంతరమును చదివి, మూలకర్త మనస్సును నిర్ణయించిరి. ఏడుగురు దోషి యనిరి, ఇద్దఱు కాదనిరి. తిలక్ మహాశయుడు తన పక్షమున తానే గంటలకొలది వాదించెను. అంతటి మేధావి వాదమును ఆ భాషాంతరపు గోడను దాటలేకపోయెను. ఆ తీర్పునకు ఆఱేండ్ల ప్రవాసశిక్ష ఫలము. దీనినిబట్టి మేము గ్రహించునది ఇది: తీర్పరికి చదువు లేకపోవుటకంటె, విచారింపబడు మనుష్యుని బ్రదుకు తెలియకపోవుట వేయిరెట్లు ప్రమాదము.

ఇపుడు మన సీమకు వత్తము. గోనెగండ్ల ప్రాంతపు రైతు సాక్షిగా నిలిచినాడనుకొందము. "గొడ్లు ఇంటికొచ్చే యాళకు చూసినా" అని అతడనును. "ఎన్ని గంటలకు?" అని వకీలు గద్దించును. రైతు బెదరి "ఆరు గంటలకు" అనును. పోలీసువారి కాగితములో ఏడని యుండును. అంతట వకీలు, సాక్షి అబద్ధికుడని విజృంభించును. "కూతవేటు దూరము" అన్నమాటకు గజములెన్ని యని నిలదీయును. ఊరిలో పెద్దవానిని మర్యాదకు "మామా" యని పిలిచినందున సాక్షి ముద్దాయికి బంధువని యెత్తిచూపును. ఆంగ్లమున వ్రాసిన వాఙ్మూలములో ఆ మామ నిజముగానే మేనమామయై కూర్చుండును!

పీఠముపై మఱియొక రైతు కూర్చుండియుండిన ఈ గారడి సాగునా? ఎండకాలమునకును చలికాలమునకును పశువులు ఇల్లు చేరు వేళ మాఱునని అతడెఱుగును. కులము వేఱైనను ఊరిలో వరసలు కలుపుకొని అన్న, మామ, అత్త యని పిలుచుకొనుట అతనికి పుట్టుకతో వచ్చిన యెఱుక. సాక్షిని వకీలు వెక్కిరించినపుడు, వెక్కిరింపబడినది తానేయని అతడు తలంచును. అందుచేతనే మేమందుము: పామరతీర్పరిని ఒప్పింపగోరు వకీలు మొదట నేర్వవలసినది సాక్షిని గౌరవించుట. కఠినప్రశ్న వేయవలదని మే మనము. "పొద్దుగూకకముందా, దీపాలు పెట్టినాకనా?" అని సాక్షి లెక్కతోనే అడిగినచో నిజమైన అబద్ధము తప్పక బయటపడును. గడియారముతో అడిగినచో బెదరు మాత్రమే బయటపడును.

రెండవది, సందేహమును బోధించుట. సహేతుకమైన సందేహమున్నచో ముద్దాయిని విడువవలెనని వకీలు శాస్త్రము వల్లించును. వినువారికి అది మంత్రమువలె నుండును. ఆదోని పత్తి బేరగాడు బోరెము పైపొర చూచి ధర కట్టడు. లోపలికి చేయి చొనిపి నడిమి దూదిని పైకి తీసి, పింజను లాగి చూచును. లోపలి దూది వేఱైనచో బేరము విడుచును. "అభియోగమను బోరెములో చేయి పెట్టి చూడుడు" అనిన వకీలు మాట ఈ సీమలో ఎవనికి తెలియదు? ఇది తీర్పరిని మోసగించుట గాదు, వాని చేతిలోనున్న తెలివినే న్యాయమునకు తోడు తెచ్చుకొనుట.

మూడవది, తన పక్షములోని లోపమును తానే ముందు చెప్పుట. సంతలో ఎద్దు నమ్మువాడు దాని కుంటిని దాచినచో కొనువాడు మఱి యేమియు నమ్మడు. వకీలును అంతే. అట్లే తీర్పరి మనస్సులోని ప్రశ్నను వినుటయు అవసరము. 1872 నాటి సాక్ష్యచట్టము జూరీవారు జడ్జి ద్వారా సాక్షులను ప్రశ్నించుట కనుమతించెను. తీర్పరులను మూగవారుగా నుంచవలెనని ఆ చట్టమునకు కోరిక లేదు.

ఇక ప్రతిపక్షమువారి గట్టి యాక్షేపము. రాయలసీమలో వర్గకక్షలు కలవు, కులాభిమానము కలదు, ధనమునకు లొంగువారు కలరు, అట్టిచోట జూరీ నిష్పక్షపాతముగా నుండునా యని వారందురు. ఈ దోషములు లేవని మేము బొంకము. కాని పాతచట్టమున పక్షపాతము గల జూరరును ఆక్షేపించి తొలగించుటకు దారి యుండెను. జూరీ తీర్పు మఱీ యసంగతమైనచో జడ్జి హైకోర్టునకు పంపు దారియు నుండెను. మఱి జూరీ తొలగి యర్ధశతాబ్దము దాటినది గదా, కక్షలు తగ్గినవా? నాడు జూరరును బెదరించు చేయి నేడు సాక్షిని బెదరించుచున్నది. రోగమొక చోటనుండగా మఱియొక అవయవమును కోసివేసి, చికిత్స ముగిసినదని యింటికి పంపిన వైద్యుని ఎవరు మెత్తురు?

జూరీని రేపే యథాతథముగా మరల తెండని మేము పట్టుబట్టుట లేదు. ఆ పాతజూరీలో గొప్ప అన్యాయ మొకటి కలదు. 1898 కోడు వెలువడిననాడు జూరరులుగా పిలువబడుటకు ఇరువదియొకటి మొదలు అఱువదియేండ్లలోపు పురుషులే అర్హులు. ఇంటిలో బిడ్డల తగవు, కోడండ్ల తగవు, వాడలో నీళ్లకాడి తగవు దినదినము తీర్చు స్త్రీకి తీర్పు చెప్పు నేర్పు లేదని నిర్ణయించిన చట్టమది. మన గృహములలోని తల్లులు ఈ సంగతిని గమనింపవలెను. తీర్పరి తెలివి పట్టములో నున్నదనువారి వాదము చివరకు స్త్రీని, కూలిని, దళితుని న్యాయపీఠమునకు దూరముగా నుంచుటకే పనికివచ్చును.

అదృష్టవశమున ఆ తలుపు పూర్తిగా మూయబడలేదు. బాలనేరస్థుల విచారణకై యేర్పడిన బాలన్యాయమండలిలో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దఱు సంఘసేవకులు కూర్చుందురు. వారిలో ఒకరైనను స్త్రీయై యుండవలెనని చట్టము. 1987 చట్టముచే ఏర్పడిన లోక్ అదాలతులలో న్యాయాధికారి ప్రక్కన ఇతరులును కూర్చుందురు. పంట నష్టపడి గుంటూరు సీమకు కూలికై వలసపోయిన కుటుంబములోని పిల్లవాడు దొంగతనము మోపబడి అట్టి మండలి యెదుట నిలిచినపుడు, వాని బ్రదుకును తెలిసికొనగల తీర్పరి అచ్చట నుండుట వానికెంత అవసరము! ఆ తీర్పరికి విప్పి చెప్పగల వకీలుండుట ఇంకను అవసరము. జూరీ పేరు పోయినది గాని పామరతీర్పరి పోలేదు. ఆతనితో మాటలాడు విద్యను మాత్రము మన వకీళ్లు మఱచిరి.

కావున మేము కోరునవి యివి. క్రింది న్యాయస్థానములలో సాక్షి తెలుగున చెప్పిన మాట తెలుగుననే, అతడు చెప్పిన తీరుననే వ్రాయబడవలెను. 1966 లో అధికారభాషా చట్టము చేసికొన్న ప్రభుత్వమునకు ఇది భారము గారాదు. న్యాయవిద్యార్థులకు సెక్షనులతోపాటు ఊరి కొలతలు, వేళలు, వరసలు, కౌలు పద్ధతులు నేర్పవలెను. పామరులు కూర్చుండు మండలులలో పేరుకు కాక పనికి వచ్చు స్త్రీలను, శ్రామికులను ఏఱికోరి నియమింపవలెను.

తన వాదము పామరునికి తెలియలేదని విసుగుకొను వకీలు ఒక్క విషయము తెలిసికొనవలెను. శిక్షపడి జైలునకు పోవువాడును సాధారణముగా పామరుడే. తన్నేల శిక్షించిరో వానికి తెలియజెప్పలేని న్యాయము న్యాయము గాదు. వానికి తెలియునట్లు చెప్పగల వకీలునకు ఏ జూరీని చూచియు భయపడ పనిలేదు.