బోర్డు మీద సోడా, సంతలో సీసా



ఈ వారం సంతకి వెళ్తే ఒక్కసారి తలెత్తి చూడండి. రంగురంగుల బోర్డు కనిపిస్తుంది. పేరు మందు సీసాదే, రంగు అదే, అక్షరాలు అవే. కింద మాత్రం చిన్నగా ‘సోడా’ అని రాసి ఉంటుంది. ఆ సోడా మన పిల్లలెవరూ తాగి ఉండరు. ఆ పేరు ఏ సీసాదో మాత్రం అందరికీ తెలుసు.

ఈ దొంగాట ఎందుకంటే, టీవీలో మందుకి ప్రకటన ఇవ్వకూడదు. 1994 కేబుల్ టీవీ నిబంధనల్లో 7వది దాన్ని ఆపేసింది. అందుకే కంపెనీలు సోడా చాటున, నీళ్ల చాటున, పాటల సీడీల చాటున దూరాయి. 2022 జూన్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఈ చాటు ప్రకటనల్ని కూడా నిషేధించాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల రూపాయల వరకూ, మళ్లీ చేస్తే 50 లక్షల వరకూ జరిమానా వేయొచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెప్తోంది.

మంచిదే. కానీ నిజం మాట్లాడుకుందాం. ఏజెన్సీలో మందు అమ్మడానికి బోర్డు అక్కర్లేదు. బెల్టు షాపే పెద్ద ప్రకటన. సరుకు గుమ్మం దాకా వస్తుంది. డబ్బుల్లేకపోతే అప్పు. అప్పు తీర్చడానికి చింతపండో, పత్తో, కూలి డబ్బులో. ఇంతకంటే పెద్ద ఆఫర్ ఏ పట్నం బార్‌లో ఉంటుంది? దీన్ని ఆపాల్సింది మన గ్రామసభ.

1996 పెసా చట్టం సెక్షన్ 4(ఎం) తీసి చదవండి. గ్రామసభకీ, పంచాయతీకీ ఉండాల్సిన అధికారాల వరుస అందులో ఉంది. అటవీ ఫలసాయం కంటే ముందు, భూమి కంటే ముందు, మొట్టమొదట రాసింది ఇదే: మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, అదుపు చేసే అధికారం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి 1998లో చట్టం, 2011లో నియమాలు వచ్చాయి. కాగితం మన చేతిలోనే ఉంది. వాడటమే లేదు.

‘ఇప్పసారా మన ఆచారం కాదా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. అవును, మన ఆచారమే. దేవుడికి పోస్తాం, పెళ్లికి పోస్తాం, చావుకి పోస్తాం. 1974లోనే కేంద్రం గిరిజన ప్రాంతాల్లో మందు వ్యాపారం వద్దనీ, ఇంటి అవసరానికి సంప్రదాయ పానీయం కాచుకోనివ్వాలనీ విధానం చెప్పింది. పండక్కి అందరం కూర్చుని తాగేది వేరు. రోజూ అప్పు మీద ఒక్కడే తాగేది వేరు. రెండో దాంట్లో లాభం ఊరు దాటిపోతుంది, ఏడుపు ఇంట్లో మిగులుతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని మాత్రం 1997లో ప్రభుత్వమే ఎత్తేసింది. పైనుంచి ఇచ్చింది పైవాళ్లు తీసేసుకోగలరు. అందుకే నిర్ణయం ఊరు చేయాలి, కాపలా కూడా ఊరే కాయాలి.

ఏం చేయాలంటే: వచ్చే గ్రామసభ ఎజెండాలో ఈ విషయం రాతపూర్వకంగా పెట్టించండి. ముందు అక్కల్ని, అమ్మల్ని మాట్లాడనివ్వండి. బెల్టు షాపు వద్దు, మందు కంపెనీ బోర్డు వద్దు అని తీర్మానం రాసి సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి. ఎక్సైజ్ స్టేషన్‌కి, ఐటీడీఏ పీవోకి, కలెక్టర్‌కి కాపీలిచ్చి రసీదు తీసుకోండి. తాగేవాళ్లని కొట్టొద్దు, అవమానించొద్దు. వాళ్లు మనోళ్లే.

ఇంకో మాట. మన క్రికెట్ టోర్నమెంట్‌కి మందు పేరున్న జెర్సీలు ఇస్తామని ఎవరైనా వస్తే, వద్దని చెప్పే మొదటి గొంతు మనదే కావాలి.

జై ఆదివాసీ!