విమానం వాడిది, ఇస్త్రీపెట్టె మనదీనా?

మన ఇళ్ళల్లో సరదాకి కూడా ఆడా మగా తేడా ఉంది. మగవాళ్ళకుంటే అది హాబీ. ఆడవాళ్ళకుంటే పనీపాటా లేకపోవడం. మగపిల్లాడు రిమోటుతో ఎగిరే విమానం చేస్తానంటే "వాడి బుర్రే బుర్ర" అని మురిసిపోతాం. అదే మాట ఆడపిల్ల అంటే "ముందు లెక్కల్లో మార్కుల సంగతి చూడు" అంటాం. అట్ట అదే, జిగురు అదే, మోటారు అదే. మారిందల్లా అడిగిన పిల్ల.

మా ఇంట్లో ఈ విమానాల గోల నాలుగేళ్ళుగా ఉంది. మావారూ, ఇంటర్ చదివే మా అబ్బాయీ కలిసి చేస్తారు, ఆదివారం పొద్దున్నే ఊరవతల ఖాళీ స్థలానికి తీసుకెళ్ళి ఎగరేస్తారు. ఈ వేసవిలో, తొమ్మిదో తరగతికి వచ్చిన మా అమ్మాయి తనకీ ఒకటి కావాలంది. కొనిమ్మని కాదు, చేసుకుంటానని. అంతే, రెండు వైపుల చుట్టాల నుంచీ సలహాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరికీ ఫోనులో జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నాను.

మొదటి మాట: "అది మగపిల్లల పని కదే!"

అసలు ఆ పని ఏవిటో చూద్దాం. ముందు కాయితం మీద ప్లాను గీస్తారు. ఆ గీతల వెంట ముక్కలు కత్తిరిస్తారు. బ్లౌజు కటింగు వచ్చినవాళ్ళకి ఇందులో కొత్తేముంది? బాల్సా అనే తేలికైన కలపతో రెక్కకి పక్కటెముకల్లాంటి ముక్కలు వరసగా నిలబెట్టి అతికిస్తారు. దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర కప్పి ఇస్త్రీపెట్టెతో రుద్దుతారు. ముందు తక్కువ వేడి మీద అంచులు అంటించాలి, తర్వాత వేడి పెంచితే పొర ముడుచుకుని డప్పులా బిగుసుకుంటుంది. వేడి ఎక్కువైతే చిల్లు, తక్కువైతే ముడతలు. పట్టుచీరకి ఇస్త్రీ చేసే చేతికి ఈ లెక్క ఒకరు నేర్పాలా?

పోయినేడు మా అబ్బాయి పెద్ద విమానం రెక్కలకి ఆ పొర వేసిందెవరనుకుంటున్నారు? నేనూ, మా అమ్మాయీను. "మీ చేతులకి అలవాటు కదా" అని తండ్రీకొడుకులు అప్పజెప్పారు. చేశాం, బాగా వచ్చింది. ఆ విమానం ఫొటో చుట్టాలందరికీ వెళ్ళింది, "అబ్బాయి చేసిన విమానం" అని! పని చేసేటప్పుడు ఆడపిల్ల చేతులు పనికొచ్చాయి, ఎగరేసే దగ్గరికొచ్చేసరికి అది మగపిల్లల పనైపోయింది. మీకేమైనా అర్థమవుతోందా? నాకైతే బాగానే అర్థమైంది.

రెండో మాట: "ప్రమాదం కదూ!"

అవును, ప్రమాదం ఉంది. నేను కాదనను. ఆ లిథియం పాలిమర్ బ్యాటరీ దెబ్బ తిన్నా, మితిమీరి చార్జ్ చేసినా అంటుకుంటుంది. ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు. చార్జింగుకి పెట్టి బజారుకి వెళ్ళకూడదు, రాత్రంతా వదిలేసి పడుకోకూడదు. కిందపడి ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ వాడకూడదు. తిరిగే పంకా వేళ్ళు కోసేస్తుంది, అందుకని బల్ల మీద మోటారు పరీక్షించేటప్పుడు పంకా ఊడదీసి పెట్టాలి. ఈ నియమాలు మా ఇంట్లో కాయితం మీద రాసి గోడకి అంటించింది నేనే. గ్యాసు పొయ్యి పక్కన చార్జర్ పెట్టబోతే లేవదీయించిందీ నేనే. రోజూ ప్రెషర్ కుక్కరూ, మరిగే నూనే చూసుకునేవాళ్ళం, మనకి జాగ్రత్తలు చెప్పేదేవిటండీ.

కానీ నా ప్రశ్న వేరు. నాలుగేళ్ళ క్రితం అబ్బాయి మొదలుపెట్టినప్పుడు ఈ ప్రమాదం సంగతి ఒక్కరూ ఎత్తలేదే? బ్యాటరీకి ఆడా మగా తేడా తెలుసా? ప్రమాదం ఉంటే ఇద్దరికీ ఉంది. జాగ్రత్త నేర్పితే ఇద్దరికీ నేర్పాలి.

మూడో మాట: "డబ్బు దండగ."

లెక్క చెప్తాను. ఈ సరదాలో ఖరీదైనది చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్. అది మా ఇంట్లో ఎప్పుడో ఉంది. ఒకే ట్రాన్స్‌మిటర్‌లో చాలా విమానాల సెట్టింగులు దాచుకోవచ్చు, ఎవరి విమానం పేరు వాళ్ళు ఎంచుకుని ఎగరేసుకోవచ్చు. చార్జర్ ఉంది, బ్యాటరీలు ఉన్నాయి. అమ్మాయికి కావలసింది నాలుగు ఫోమ్ షీట్లు, ఒక మోటారు, దాని వేగం అదుపు చేసే చిన్న సర్క్యూటు, తోకనీ రెక్కనీ కదిలించే చిన్న సర్వో మోటార్లు, ఒక రిసీవరు. పండక్కి కొనే ఒక పట్టు లంగా ఖర్చు.

మా అబ్బాయి ఇప్పటికి మూడు విమానాలు కూల్చాడు. ఒకటి చెట్టుకి, ఒకటి కరెంటు స్తంభానికి, ఒకటి నేరుగా నేలకి. కూల్చినప్పుడల్లా "నేర్చుకుంటున్నాడు పాపం" అన్నారు. అమ్మాయి ఇంకా షీటు కొయ్యనే లేదు, అప్పుడే దండగట! వాడు పాడుచేస్తే చదువు, ఇది పాడుచేస్తే దుబారా.

నాలుగో మాట: "ఎండలో, మగాళ్ళ మధ్య, ఆ మైదానాల్లో..."

నల్లబడుతుందన్న మాటకి జవాబు చెప్పి దాన్ని గౌరవించలేను. మైదానం సంగతి మాత్రం మాట్లాడుకోవాల్సిందే. హైదరాబాదు చుట్టూ బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్, ఎటు వెళ్ళినా విమానాల స్థావరమే. అందుకని ఎక్కడ పడితే అక్కడ ఎగరెయ్యకూడదు, డిజిటల్ స్కై మ్యాపులో ముందు చూసుకుని గ్రీన్ జోన్‌కే వెళ్ళాలి. అంటే ఊరికి దూరం. దూరమంటే అక్కడ టాయిలెట్ ఉండదు. మగవాళ్ళకి అది సమస్యే కాదు, అందుకే ఎవరికీ తట్టలేదు. ఆడవాళ్ళు ఎందుకు రారో అని ఆశ్చర్యపోయే పెద్దమనుషులు ముందు దాని గురించి ఆలోచించండి. దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆగడం, గంటన్నరలో తిరిగి రావడం, మరో ఇద్దరు ఆడపిల్లల్ని కూడా తోడు తీసుకెళ్ళడం... దార్లు ఉన్నాయి. ఇబ్బంది ఉంటే ఇబ్బందిని తియ్యాలి గానీ పిల్లని తీసేస్తారా?

ఇక చివరిది, అందరూ బ్రహ్మాస్త్రంలా వేసేది: "దీనివల్ల ఏం ఉపయోగం?"

కావాలంటే ఉపయోగాల చిట్టా చెప్పగలను. మనిషి కాలి బలంతో తొక్కితే ఎగిరే విమానాన్ని తయారుచేసి 1977లో క్రెమర్ బహుమతి గెలిచిన పాల్ మెక్‌క్రెడీ చిన్నప్పుడు మోడల్ విమానాలు చేసినవాడే. 2003లో మేనార్డ్ హిల్ చేసిన 5 కిలోలైనా లేని మోడల్ విమానం కెనడా తీరం నుంచి ఐర్లండ్ దాకా దాదాపు 39 గంటలు ఎగిరి అట్లాంటిక్ దాటింది. అప్పటికి ఆయనకి 77 ఏళ్ళు, చూపు దాదాపు లేదు. అగ్ని-4 క్షిపణి ప్రాజెక్టుని నడిపిన టెస్సీ థామస్ ఆడమనిషే. పైలట్లలో ఆడవాళ్ళ వాటా ప్రపంచ సగటుకంటే మన దేశంలోనే ఎక్కువ. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఆడపిల్లలకీ ఏరోమోడలింగ్ నేర్పుతారు.

అయినా ఈ చిట్టా చూపించి అనుమతి అడగడం నాకిష్టం లేదు. మా అబ్బాయిని ఎవరూ ఉపయోగం అడగలేదు. వాడికి ఇష్టం, అది చాలు. ఆడపిల్ల ఒక ఆదివారం పొద్దున్న సంతోషంగా గడపాలంటే ముందు టెస్సీ థామస్ అవుతానని హామీ పత్రం రాసివ్వాలా? ఉపయోగం లేని సంతోషం మగపిల్లలకి పుట్టుకతో వచ్చిన హక్కు, ఆడపిల్లలకి మాత్రం దరఖాస్తు పెట్టుకుంటే దొరికే మినహాయింపు. నేను పోట్లాడేది దీనితోనే.

ఇంకో సంగతి. వీటిలో పందేలు కూడా ఉంటాయి. అంతర్జాతీయ పోటీల్లో మూడు స్తంభాలు పాతి వాటి చుట్టూ 10 సార్లు తిప్పుతారు. చుట్టు 400 మీటర్లు, మొత్తం 4 కిలోమీటర్లు. ఆరితేరినవాళ్ళు దాన్ని నిమిషంలోపే ముగిస్తారు. నడిపేవాడి చూపంతా విమానం మీదే ఉంటుంది కనక పక్కన ఒక మనిషి నిలబడి ఎప్పుడు తిప్పాలో అరుస్తూ ఉంటారు. ఆ మనిషిని కాలర్ అంటారు. మా వాళ్ళు మైదానంలో కర్రలు పాతుకుని చిన్న పందేలు పెట్టుకుంటారు. మా అమ్మాయి రెండేళ్ళుగా అన్నకి కాలర్. "ఇప్పుడు" అని అది అరిస్తేనే వాడు తిప్పుతాడు. అది ఒక్క క్షణం ఆలస్యం చేస్తే వాడు ఓడిపోతాడు. గాలి ఎటు వీస్తోందో, ఎక్కడ తిప్పితే విమానం జారుతుందో దానికి వాడికంటే బాగా తెలుసు. ఒక్కసారి నేను నడుపుతా, నువ్వు పిలువు అంటే మాత్రం "నీకు రాదులే" అన్నాడు. రాదట! కాలర్ పని తక్కువని నేననను. కానీ ఎప్పుడూ ఒకరే పిలవడం, ఎప్పుడూ ఒకరే ఎగరేయడం ఏం న్యాయం? అందులో వంతులుండాలి. ఆదివారం టిఫిన్ డబ్బా సర్దడంలోనూ వంతులుండాలి.

మిమ్మల్ని నేనడిగేది పెద్దదేం కాదు. మీ అమ్మాయి విమానమే అడగాలని లేదు, చెస్ అడగొచ్చు, డ్రమ్స్ అడగొచ్చు, సైకిల్ విప్పి బిగిస్తానని అడగొచ్చు. నాన్న ఏమంటాడో, అత్తగారు ఏమంటారో అని వాళ్ళ తరఫున మనమే ముందు "వద్దు" అనకండి. వాళ్ళు అనదలిస్తే వాళ్ళనే అననివ్వండి. అప్పుడు ఒకటే అడగండి, "అబ్బాయికి ఈ మాట చెప్పారా?" అని.

మా ఇంట్లో నిన్నటి నుంచి ట్రాన్స్‌మిటర్‌కి వంతుల పట్టీ ఉంది. ఒక ఆదివారం అన్నది, ఒక ఆదివారం చెల్లెలిది. మావారు ఒప్పుకున్నారు, అబ్బాయి మూతి ముడుచుకున్నాడు. ముడుచుకోనివ్వండి. వాడి కొత్త విమానం రెక్కలకి ఇంకా పొర వెయ్యాలి. ఇస్త్రీపెట్టె ఎక్కడుందో చూపించాను, ఈసారి వాడే వేసుకుంటాడు.