టీవీ వినియోగదారునికి ఎంపిక హక్కు నామమాత్రమే

మఠంపల్లి: కోరిన ఛానెళ్లకే డబ్బు కట్టే హక్కు ఈ ప్రాంతపు గ్రామాల్లో కాగితాలకే పరిమితమైందనక తప్పదు. 2017లో కేబుల్‌కు సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి చేశారు. 2019లో కొత్త పద్ధతి అమలుపరచిన ట్రాయ్, నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు మించరాదన్నది. 2024లో ఆ పరిమితినీ తొలగించింది. పోనీ డిష్‌కు మారుదామంటే పాత బాక్సు పనికిరాదు. ఏ సంస్థకైనా పనిచేసే బాక్సులుండాలని 2020లో ట్రాయే సిఫార్సు చేసింది గాని, మారినప్పుడల్లా బాక్సు ఖర్చు గృహస్థుదే.

ఇంటర్నెట్‌కు వేరే కట్టాలి. కృష్ణకు ఆవల ఆంధ్రప్రదేశ్‌లో టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి 149 రూపాయలకే ఇస్తామని 2017లో ప్రభుత్వ ఫైబర్ పథకం ప్రారంభించారు. ఇవతల మంచినీటి గొట్టాల వెంట కేబుల్ వేసిన టీ-ఫైబర్, 2024 డిసెంబరులో కొద్ది గ్రామాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. ఈలోగా ఏ ఛానెల్‌కు ఎంతో విడివిడిగా చూపే బిల్లయినా ప్రతి ఇంటికీ అందేట్లు అధికారులు చూడవలసి ఉంది.