పరలోక తీర్పు, ఇహలోక బాధ్యత

దైవభీతి లేనివాడికి నీతి ఉండదన్న మాట మన రాజకీయ వేదికల మీద తరచుగా వినిపిస్తుంది. పాపపుణ్యాల లెక్క తేల్చే తుది న్యాయస్థానం లేకపోతే మనిషి దేనికి వెరుస్తాడన్నది దాని సారం. సాక్చి చరిత్ర ముందు ఈ వాదన నిలవదు.

1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడ్డాక, సాక్చి అనే చిన్న పల్లె చుట్టూ లేచిన నగరం 1919లో జంషెడ్‌పూర్ అయింది. తెలుగువారితో సహా అన్ని మతాల, భాషల కార్మికులు అక్కడి కొలుముల ముందు చెమటోడ్చారు. 1979 ఏప్రిల్‌లో ఆ నగరంలోనే శ్రీరామనవమి ఊరేగింపు దారిపై రేగిన వివాదం మారణకాండగా మారింది. వందమందికి పైగా బలయ్యారు. మతసామరస్యం కోసం నిరాహారదీక్ష చేసిన ఉర్దూ రచయిత జకీ అన్వర్‌నూ చంపేశారు. ఆ వీధుల్లో ఆయుధం పట్టినవారు నాస్తికత్వం పేరిట పట్టలేదు, మతం పేరిటే పట్టారు. పైన తీర్పరి ఉన్నాడన్న నమ్మకం వారి చేతిని ఆపలేదు.

అది మతాన్ని వక్రీకరించినవారి నేరమని సమర్థకులు అంటారు. అంగీకరిద్దాం. అయితే ఏది ధర్మమో, ఏది వక్రీకరణో వారు దేనితో తేల్చారు? పొరుగువాణ్ణి చంపడం తప్పన్న ఎరుకతోనే కదా. మతాన్నే తూచగల ఆ ఎరుక మతం నుంచి మాత్రమే పుట్టిందనడం ఎలా కుదురుతుంది?

తెలుగునాట 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా అస్పృశ్యతపై జీవితాంతం పోరాడారు. పరమ ఆస్తికుడైన గాంధీ ఆయనతో చర్చించారు, ఆయన కుమార్తె కులాంతర వివాహాన్ని సేవాగ్రామంలో జరిపించడానికి సమ్మతించారు. దేవుడి విషయంలో ఏకీభవించని ఇద్దరూ సాటిమనిషి విషయంలో ఏకీభవించారు.

మరి శిక్ష పడకుండానే కన్నుమూసిన హంతకుడి మాటేమిటి? తుది న్యాయ వాదానికి అసలు బలం ఈ ప్రశ్నే. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి పరలోక న్యాయం ఊరట కావచ్చు. ఆ ఊరటను ఎవరూ ఎగతాళి చేయరాదు. కానీ అదే మాట పాలకుడి నోట వస్తే అర్థం మారిపోతుంది. 1979 ఘటనలపై జితేంద్ర నారాయణ్ కమిషన్ విచారణ జరిపి నివేదిక ఇచ్చింది. అటువంటి నివేదికలు చదవవలసిందీ, వాటిపై చర్య తీసుకోవలసిందీ ప్రభుత్వాలే. నేరస్థుణ్ణి దేవుడు చూసుకుంటాడని పౌరుడు నమ్మవచ్చు. ప్రభుత్వం నమ్మితే అది నేరస్థుడికి ఇచ్చిన అభయమే.